డిటెక్టివ్ పజిల్ గేములు: హత్య కేసు చిక్కు విప్పే ఆటలు

నేరం జరిగిన చోటు, దొరికిన వస్తువులు, సాక్షుల మాటలు ముందు పెట్టి, దోషి ఎవరో ఆటగాడి చేతే తేల్పించే వీడియో గేములను డిటెక్టివ్ పజిల్ గేములు అంటారు. వీటిలో సింహభాగం హత్య కేసులే. సాధారణంగా ఒక్కో కేసు ఒక్కో లెవెల్. చేతి వేగంతో, తుపాకి గురితో ఇక్కడ పెద్దగా పని ఉండదు. చంపిందెవరు, ఎక్కడ, దేనితో, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలకు ఆధారాలతో జవాబు కుదిరితే లెవెల్ పూర్తవుతుంది.

హంతకుడి పేరు సరిగ్గా చెప్పినంత మాత్రాన కేసు తేలినట్టు కాదు. మిగతావాళ్లు ఎందుకు కారో కూడా చెప్పగలగాలి. అందుకే ఈ కోవ ఆటల చరిత్రను, ఆటగాడు గుడ్డిగా ఊహించి గట్టెక్కకుండా రూపకర్తలు వేస్తూ వచ్చిన ఎత్తుల చరిత్రగా చదవవచ్చు.

మూలాలు

మూడు పాయలు కలిసి ఈ ఆటలు పుట్టాయి. మొదటిది డిటెక్టివ్ కథ. ఎడ్గార్ అలన్ పో 1841లో ప్రచురించిన 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' ఈ ప్రక్రియకు ఆద్యమని చెబుతారు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్స్‌ను తెచ్చాడు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అగాథా క్రిస్టీ తరం రచయితలు కథను పాఠకుడితో పందెంగా మార్చారు. డిటెక్టివ్‌కు తెలిసిన క్లూలన్నీ పాఠకుడికీ తెలియాలన్నది ఆ పందెం షరతు. ఇలాంటి షరతులను రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పది సూత్రాలుగా రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి, దయ్యాలూ మహిమలూ పనికిరావు, రహస్య మార్గాలు ఒకటికి మించకూడదు వంటివి వాటిలో ఉన్నాయి. నేటి గేమ్ రూపకర్తలకూ ఇవి చాలావరకు వర్తిస్తాయి.

రెండో పాయ బల్లమీది ఆట. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంటొనీ ప్రాట్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 'క్లూడో'ను రూపొందించాడు. వాడింగ్టన్స్ సంస్థ 1949లో దాన్ని అమ్మకానికి పెట్టింది. అందులో ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు. అంటే 324 జవాబులకు వీలుంది. ఒక్కో ప్రశ్నతో కొన్నింటిని కొట్టివేసుకుంటూ పోతే చివరికి ఒకటే మిగులుతుంది.

మూడో పాయ కాగితం మీది గళ్ల పజిల్. 'లైఫ్ ఇంటర్నేషనల్' పత్రిక 1962లో అచ్చువేసిన 'జీబ్రా పజిల్' వీటిలో ప్రసిద్ధం. ఐదు ఇళ్లు, వాటి రంగులు, వాటిలో ఉండేవారి దేశాలు, పెంపుడు జంతువులు, తాగే పానీయాల గురించి కొన్ని వాక్యాలు ఇచ్చి, జీబ్రా ఎవరిదో, మంచినీళ్లు తాగేదెవరో చెప్పమంటుంది. ఏ వాక్యమూ జవాబును నేరుగా చెప్పదు. అన్నీ కలిస్తేనే జవాబు వస్తుంది.

వీడియో గేముల్లో పరిణామం

అమెరికాలో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు 1980లో ఆపిల్-2 కంప్యూటర్ కోసం 'మిస్టరీ హౌస్' చేశారు. పాత ఇంట్లో ఒక్కొక్కరే హత్యకు గురవుతుండే కథ అది. బొమ్మలతో వచ్చిన తొలి అడ్వెంచర్ గేముగా దానికి పేరుంది. 1982లో ఇన్ఫోకామ్ సంస్థ తెచ్చిన 'డెడ్‌లైన్'లో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. కేసు తేల్చడానికి ఆటలోని గడియారం ప్రకారం పన్నెండు గంటలే గడువు. వాంగ్మూలాలు, లాబ్ నివేదిక వంటి కాగితాలను డబ్బాలోనే పెట్టి అమ్మారు.

జపాన్‌లో యూజి హోరి 1983లో 'పోర్టోపియా సీరియల్ మర్డర్ కేస్' రూపొందించాడు. కోబె నగరంలో జరిగే ఈ కథ ఆ దేశంలో ఒక తరం గేమ్ రూపకర్తలను ఈ దారి పట్టించింది. షూ టకూమి నేతృత్వంలో కాప్‌కామ్ సంస్థ 2001లో తెచ్చిన 'ఏస్ అటార్నీ'లో రంగస్థలం కోర్టు. సాక్షి చెప్పే వాక్యాల్లో ఏది అబద్ధమో పట్టుకుని, దానికి ఎదురుగా సరైన ఆధారం చూపాలి. 2011 నాటి 'ఎల్.ఎ. నోయర్' 1947 కాలపు లాస్ ఏంజెలెస్‌ను చూపించింది. నటుల ముఖకవళికలను 32 కెమెరాలతో పట్టి, మాట నిజమో అబద్ధమో ముఖం చూసి పసిగట్టమంది.

సామాన్య ఆటగాళ్లకు ఈ జాతిని చేరవేసింది మాత్రం ఫేస్‌బుక్, ఆ తర్వాత మొబైల్ ఫోను. ఫ్రాన్స్‌కు చెందిన ప్రెటీ సింపుల్ సంస్థ 2012లో విడుదల చేసిన 'క్రిమినల్ కేస్'లో పని తేలిక. కిక్కిరిసిన బొమ్మలో దాగిన వస్తువులు వెతకాలి, లాబ్ ఫలితం కోసం ఆగాలి, హంతకుడి లక్షణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాక సరిపోయే మనిషిని ఎంచుకోవాలి. ఇందులో తర్కం పాలు తక్కువ, కళ్లకు పని ఎక్కువ.

2015 నుంచి చిన్న బృందాలు, ఒంటరి రూపకర్తలు ఈ జాతిని మళ్లీ తర్కం వైపు తిప్పారు. సామ్ బార్లో చేసిన 'హర్ స్టోరీ' (2015)లో పోలీసు ఇంటర్వ్యూల వీడియో ముక్కలు మాత్రమే ఉంటాయి. ఏదో ఒక మాట టైపు చేస్తే అది వినిపించే ముక్కల్లో మొదటి ఐదే కనిపిస్తాయి. కాబట్టి సరైన మాట వెతుక్కోవడమే దర్యాప్తు. లూకస్ పోప్ 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' (2018)లో మనుషులు లేకుండా తిరిగొచ్చిన ఓడ ఉంటుంది. ఒకప్పుడు అందులో ఉన్న 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో ఆటగాడు రాయాలి. లాత్వియాకు చెందిన అన్నదమ్ములు చేసిన 'ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్' (2022) మరణ క్షణాన్ని నిశ్చల చిత్రంగా నిలిపి, దొరికిన పేర్లనూ మాటలనూ ఖాళీల్లో నింపి ఏం జరిగిందో చెప్పమంటుంది.

లెవెల్ నిర్మాణం

హత్య లెవెల్‌లో నాలుగు దినుసులు తప్పకుండా ఉంటాయి: చోటు, మనుషులు, వస్తువులు, కాలక్రమం. వీటికి తోడు ఆటగాడు తన నిర్ణయం నమోదు చేసే జవాబు పత్రం ఒకటి ఉంటుంది. పటం, నోట్‌బుక్, ఖాళీలున్న వాక్యాలు, కోర్టులో ఆధారాల జాబితా వంటి వేర్వేరు రూపాల్లో అది కనిపిస్తుంది.

క్లూలు అన్నీ ఒకలా పనిచేయవు. కొన్ని నేరుగా గుర్తింపునిస్తాయి. చొక్కా మీద కుట్టిన పేరు, ఉత్తరం చివరి సంతకం ఈ కోవవి. కొన్ని పోల్చితేనే అర్థమవుతాయి. చీటీలోని చేతిరాత, పద్దుల పుస్తకంలోని చేతిరాత ఒకటేనని ఆటగాడే గమనించాలి. కొన్ని వైరుధ్యాలు. కరెంటు పోయిన వేళ టీవీ చూశానని చెప్పిన సాక్షి ఇలాగే దొరికిపోతాడు. ఉండాల్సింది లేకపోవడం నాలుగో రకం. గోడకు మేకు ఉంది, దానికి వేలాడాల్సిన వస్తువు లేదు. వీటి మధ్య దారి తప్పించే క్లూలను కూడా రూపకర్త చల్లుతాడు. అవి అబద్ధాలు కాకూడదు. హత్యతో సంబంధం లేని వేరే నిజానికి దారి తీయాలి. రహస్యంగా డబ్బు దాచిన గుమస్తా దొంగ కావచ్చు, హంతకుడు కానక్కరలేదు.

శవం స్థితి కూడా క్లూయే. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం బిగుసుకోవడం మొదలై, తర్వాత మెల్లగా సడలుతుంది. దీన్ని బట్టి హత్యా సమయాన్ని అంచనా వేయమనే లెవెల్స్ ఉన్నాయి. వేడి వాతావరణంలో ఈ మార్పులు త్వరగా వస్తాయి. చలి దేశపు లెక్కను వేసవిలో తెలంగాణకు వేస్తే సమయం తప్పుతుంది.

చిక్కు విప్పే పద్ధతి

అనుభవమున్న ఆటగాళ్లు హంతకుడి కోసం మొదట వెతకరు. ముందు ఎవరు ఎవరో పేర్లు తేల్చుకుంటారు. ఆపైన ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎప్పుడు ఉన్నారో గళ్లలో వేసుకుంటారు. కుదరనివాటిని కొట్టేస్తారు. హత్యకు కారణం సంగతి చివరిది. ఆస్తి, పగ, అసూయ లాంటి కారణాలను రూపకర్త అందరికీ పంచిపెడతాడు కాబట్టి కారణం పట్టుకుని మొదలుపెడితే అందరూ హంతకుల్లాగే కనిపిస్తారు.

ఈ పద్ధతిని చూపడానికి ఒక కల్పిత లెవెల్ తీసుకుందాం. చోటు వికారాబాద్ జిల్లాలో నాపరాళ్లకు పేరుపడిన తాండూరు. ఒక పాలిషింగ్ యూనిట్ యజమాని రాత్రి ఎనిమిది గంటలకు హత్యకు గురయ్యాడు. శవం గేటు దగ్గర దొరికింది. ఆ సాయంత్రం ముగ్గురే లోపలికి వెళ్లారని, ఎనిమిది దాటేదాకా ఎవరూ బయటికి రాలేదని వాచ్‌మన్ చెబుతాడు కానీ చీకట్లో ముఖాలు పోల్చలేదు. గుమస్తా, లారీ డ్రైవర్ తాము లోపలే ఉన్నామని ఒప్పుకుంటారు. భాగస్వామి మాత్రం లేనంటాడు. మర్పల్లిలో పని చూసుకుని అక్కడే రైలెక్కానని, మధ్యలో ఎక్కడా దిగకుండా అదే బండిలో తాండూరు వచ్చేసరికి ఎనిమిదిన్నర అయిందని అతని వాంగ్మూలం.

ఆట ఇచ్చిన పటంలో మర్పల్లి స్టేషను వికారాబాద్ నుంచి బీదర్ వెళ్లే లైన్లో ఉంది. తాండూరు స్టేషను వికారాబాద్ నుంచి వాడి వెళ్లే లైన్లో ఉంది. రెండూ కలిసేది వికారాబాద్ జంక్షన్‌లో. అక్కడ బండి మారకుండా ఇటు నుంచి అటు రావడం ఆ పటం ప్రకారం కుదరదు. కాబట్టి ఆ మాట అబద్ధం. అబద్ధం చెప్పినవాడల్లా హంతకుడు కాడు. అయితే తాను ఊళ్లో లేనన్న వాదన పోయింది, వేరే అనుమానితుడు లేడు గనుక మూడో మనిషి అతడే.

ముగ్గురూ ఆఫీసు గది, పాలిషింగ్ షెడ్డు, గోదాముల్లో ఒక్కో చోట ఉన్నారు. గడ్డపార, సుత్తి, తాడు కూడా ఒక్కో చోట ఒక్కటి ఉన్నాయి. మనుషులకు ఆరు అమరికలు, వస్తువులకు ఆరు. మొత్తం 36. ఇప్పుడు క్లూలు చూద్దాం. గడ్డపార షెడ్డులో దొరికింది. గోదాములో తాడు లేదు. అంటే గోదాములో ఉన్నది సుత్తి, ఆఫీసులో ఉన్నది తాడు. షెడ్డులో నీళ్లు పోస్తూ రాయి అరగదీస్తారు, నేలంతా రాతి బురద. గుమస్తా చెప్పులు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి కనుక అతడు షెడ్డులో లేడు. సుత్తి ఉన్నచోట బరువైన పలకల దొంతర జరిపి ఉంది. గుమస్తా కుడిచేతికి పిండికట్టు ఉంది, పలక ఎత్తలేడు. కనుక గోదాములోనూ లేడు, ఆఫీసులో ఉన్నాడు. గోదాము తాళం చెవులు రెండే, అవి గుమస్తా దగ్గర, భాగస్వామి దగ్గర ఉంటాయి. డ్రైవర్ గోదాములోకి వెళ్లలేడు, ఆఫీసులో గుమస్తా ఉన్నాడు, కాబట్టి డ్రైవర్ షెడ్డులో ఉన్నాడు. గోదాము, సుత్తి భాగస్వామికి మిగిలాయి.

ఇంతవరకు ఎవరు ఎక్కడున్నారో మాత్రమే తేలింది. హతుడి చొక్కాకు ఎండుగడ్డి అంటుకుని ఉంది. పలకలు విరగకుండా మధ్యలో పరిచే ఆ గడ్డి ఉండేది గోదాములోనే. చంపింది గోదాములో, శవాన్ని గేటు దాకా మోసుకొచ్చారు. ఇప్పుడు ఎవరు, ఎక్కడ, దేనితో అన్న చిక్కు విడింది. ఏ ఒక్క క్లూ కూడా భాగస్వామిని నేరుగా వేలెత్తి చూపలేదన్నది గమనించవలసిన విషయం. తక్కినవాళ్లకు వీల్లేకపోవడమే అతన్ని పట్టిచ్చింది.

ఊహాగానానికి అడ్డుకట్ట

ముగ్గురు అనుమానితులుంటే కళ్లు మూసుకుని చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది. తప్పయితే మరో పేరు చెప్పవచ్చు. ఇలా జరిగితే పజిల్ చచ్చిపోతుంది. దీనికి విరుగుడుగా రూపకర్తలు పలు మార్గాలు తొక్కారు. 'ఏస్ అటార్నీ'లో తప్పు ఆధారం చూపితే శిక్ష పడుతుంది, శిక్షలు మించితే కేసు ఓడిపోతాం. 'ఓబ్రా డిన్' ఒక్కో జవాబుకు తీర్పు చెప్పదు. ముగ్గురు ఎవరో, వారికి ఏమైందో పూర్తిగా సరిపడ్డాకే వాటిని ఖాయం చేస్తుంది. 'గోల్డెన్ ఐడల్' ఎక్కడ తప్పో చూపకుండా, తప్పులు రెండో అంతకు తక్కువో అయినప్పుడు మాత్రం ఆ సంగతి చెబుతుంది.

ఫ్రాగ్‌వేర్స్ సంస్థ 2014లో తెచ్చిన 'షెర్లాక్ హోమ్స్: క్రైమ్స్ అండ్ పనిష్మెంట్స్' మరో దారి పట్టింది. తప్పు మనిషిని దోషిగా తేల్చినా ఆట అడ్డుచెప్పదు, కథ ముందుకు సాగిపోతుంది. నిర్దోషికి శిక్ష పడేలా చేశామన్న సంగతి ఆటగాడు తర్వాత చూసుకుంటేనే తెలుస్తుంది. ఈ పద్ధతి ఊహను ఆపలేదు కానీ, ఊహకు మూల్యం ఉందని చూపించింది.

సూచనల ఏర్పాటు కూడా ఈ సమస్యలో భాగమే. జవాబు నేరుగా చెప్పేస్తే ఆనందం పోతుంది, ఏమీ చెప్పకపోతే ఆటగాడు మానేస్తాడు. ఏ చోట మళ్లీ చూడాలో చెప్పి, ఏం చూడాలో చెప్పకుండా ఆగే సూచనే నడిమి దారి.

తెలుగు సంప్రదాయం

ఆధారం చూసి దోషిని పట్టే కథలు తెలుగువారికి కొత్త కాదు. మర్యాద రామన్న తీర్పుల కథలు ఈ కోవవే. నెయ్యి అప్పు గురించి తగవులాడే ఇద్దరు ఆడవాళ్ల కథలో రామన్న సాక్షులను అడగడు. ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్లు కడుక్కోవడానికి చెరో చెంబు నీళ్లిస్తాడు. ఒకామె కొద్ది నీళ్లతోనే శుభ్రం చేసుకుని మిగుల్చుతుంది. రెండో ఆమెకు చెంబెడూ చాలవు. పొదుపెరిగినదెవరో, అప్పు చేయవలసి వచ్చేదెవరో దాంతో తేలుతుంది. కోర్టులో నిలవని ఆధారమైనా, ప్రవర్తనను క్లూగా చదవడమనే పద్ధతి ఇందులో ఉంది.

అచ్చు సాహిత్యంలో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బెంగాలీ రచయిత పాంచ్‌కడి దే అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి వచ్చాయి. ఆ తర్వాతి కాలంలో కొమ్మూరి సాంబశివరావు (1926–1994) డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును ఇంటింటి పేర్లు చేశాడు. అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఈ నవలలు చిన్న ఊళ్లకు చేరాయి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయ్' సినిమా డిటెక్టివ్‌ను హాస్యానికి నాయకుణ్ని చేసింది. నెల్లూరు నేపథ్యంగా 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ', 2020లో వచ్చిన 'హిట్: ది ఫస్ట్ కేస్' ఈ ధోరణికి కొత్త ఊపిరి పోశాయి.

ఇంత పాఠక వర్గం, ప్రేక్షక వర్గం ఉన్నా పైన చెప్పిన ప్రసిద్ధ గేములేవీ తెలుగులో రాలేదు. హైదరాబాద్‌లో పరిశ్రమ లేక కాదు. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ఇమేజ్ పేరిట ప్రత్యేక విధానం ప్రకటించింది. దేశంలోని గేమ్ రూపకర్తల వార్షిక సదస్సు ఐజీడీసీ కూడా చాలా ఏళ్లు హైదరాబాద్‌లో జరిగింది.

డిటెక్టివ్ గేమును తెలుగులో రాసేవారికి భాషే కొన్ని చిక్కులు పెడుతుంది. మన క్రియాపదం చివర చాలాసార్లు కర్త లింగం తెలిసిపోతుంది కాబట్టి 'ఎవరో లోపలికి వచ్చాడు' అన్న సాక్షి మాటతోనే సగం మంది అనుమానితులు తప్పుకుంటారు. రహస్యం నిలవాలంటే 'ఎవరో వచ్చారు', 'అడుగుల చప్పుడైంది' అని రాసుకోవాలి. అదే భాష మేలూ చేస్తుంది. బావ, మామయ్య, వదిన, తోడికోడలు అన్న వరసలు వినగానే కుటుంబ వృక్షం సగం గీసుకోవచ్చు. 'ఓబ్రా డిన్'లో యాసలు, యూనిఫాంలు చేసే పనిని తెలుగు గేములో వరసలు, ఊరి యాసలు చేయగలవు.

ఆటకూ అసలు దర్యాప్తుకూ తేడా

నిజమైన హత్య కేసులో క్లూలన్నీ ఒకరి చేతిలో ఉండవు. స్థానిక పోలీసులు చోటును కాపలా కాస్తారు, క్లూస్ టీం వేలిముద్రలు, రక్తపు మరకలు సేకరిస్తుంది, డాగ్ స్క్వాడ్ వస్తుంది, పంచుల సమక్షంలో పంచనామా రాస్తారు, శవాన్ని పోస్ట్‌మార్టానికి పంపుతారు. తెలంగాణలో నమూనాలు హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ లాబొరేటరీకి వెళతాయి. దేశంలో డీఎన్ఏ ఆధారిత గుర్తింపుకు పునాది వేసింది కూడా హైదరాబాదే. సీసీఎంబీ అనే అక్కడి పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఆ పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ తర్వాత దాని కోసమే సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ నెలకొంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లాలని చెబుతోంది. ఈ నిబంధన అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా వ్యవధి ఇచ్చింది. గేములో నిమిషంలో వచ్చే లాబ్ ఫలితం బయట వారాలు, నెలలు తీసుకుంటుంది.

ముగింపు దగ్గర తేడా మరీ పెద్దది. చాలా గేముల్లో సాక్ష్యం చూపగానే హంతకుడు నేరం ఒప్పుకుంటాడు, కేసు ముగుస్తుంది. భారతీయ చట్టంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వది. ఆ మాటల ఆధారంగా ఆయుధం వంటి వస్తువు బయటపడితే, దానికి సంబంధించిన మేరకే ఆ మాటలు పనికొస్తాయి.

అయినా తర్కం విషయంలో ఆట, కోర్టు ఒకేచోట కలుస్తాయి. కళ్లారా చూసిన సాక్షి లేని హత్య కేసుల్లో పరిస్థితుల ఆధారాలను ఎలా తూచాలో సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధిచంద్ సార్దా కేసులో వివరించింది. ఆధారాల గొలుసు ఎక్కడా తెగకూడదు. నిందితుడు నిర్దోషి అయ్యేందుకు తగిన మరే వివరణకూ చోటు మిగలకూడదు. 'చేసి ఉండవచ్చు' అన్నది 'చేసే ఉండాలి' స్థాయికి చేరితేనే శిక్ష. గేము ఆడేవాడు గళ్లలో ఇంటు గుర్తులు పెట్టుకుంటూ చేసే పని కూడా అదే. అతనికి తప్పు పేరు చెప్పి లెవెల్ మళ్లీ మొదలుపెట్టే వీలుంది. కోర్టులో పొరపాటు జరిగితే అప్పీలు వంటి దారులే దిక్కు, అప్పటిదాకా నిర్దోషి జైల్లోనే ఉండవలసి రావచ్చు. కొట్టివేతల పట్టిక పూర్తికాకముందే పేరు చెప్పేయకుండా ఆపే గేములను ఈ జాతిలో మేలైనవిగా లెక్కించడానికి కారణం ఇదే.